మంచి తలంపు విలువ ఎంత?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామమున ఒక గ్రంథాలయము 25 సంవత్సరములు తలుపు మూయక నిలుచుట సామాన్యమైన విషయము కాదు. గోడలు కట్టుట సులభము. ప్రతి సాయంకాలము తాళము తీసి, దీపము వెలిగించి, పత్రికలు బల్లపై సర్ది, ఇచ్చిన పుస్తకమును మరల అడిగి తెప్పించుకొనుట కష్టము. పేరు కోరక ఆ పని చేసినవారికి, చేయుచున్నవారికి మొదట నా నమస్కారములు.

వ్యక్తిత్వ వికాసమునకు సానుకూల దృక్పథము ఎంతవరకు అవసరమో చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. ఈ మాట నేడు మనకు క్రొత్త కాదు. పాఠశాల గోడపై ఇదే వ్రాసియుందురు. శిక్షణ తరగతులలో ఇదే చెప్పుదురు. పరీక్షకు పోవు బిడ్డకు, వ్యాపారము పెట్టు యువకునకు, జబ్బుపడిన వానికి మనమందరము ఇదే హితవు పలుకుదుము. “మంచిగా తలంపుము, మంచియే జరుగును” అనుట మనకు అలవాటైపోయినది.

ఈ మాట నిజమా? నిజమైనచో ఎంతవరకు నిజము? ఎచ్చట మేలు చేయును, ఎచ్చట కీడు చేయును? ఈ ప్రశ్నలను మనము అంతగా వేసికొనము. అందరును ఒప్పుకొన్న మాటను మరల తూచి చూచుటకు గ్రంథాలయముకంటె తగిన చోటు లేదు గనుక, నేడు ఆ పని చేయుదము.

ముందుగా ఈ భావము మన వద్దకు వచ్చిన దారిని కొంత చెప్పెదను. ఫ్రాన్సు దేశములో ఎమిల్ కూయే (1857–1926) అను ఔషధ విక్రేత యుండెను. మందుతోపాటు ధైర్యవచనము కూడ చెప్పినచో రోగికి గుణము త్వరగా కనిపించుట ఆయన గమనించెను. తాను దినదినము బాగుపడుచున్నట్లు ఎవరికి వారే పలుమారులు చెప్పుకొనవలెనని తరువాత ఆయన బోధించెను. 1952లో అమెరికాలో నార్మన్ విన్సెంట్ పీల్ అను క్రైస్తవ బోధకుడు సానుకూలమైన ఆలోచనకుగల శక్తినిగూర్చి ఒక పుస్తకము ప్రకటించెను. అది లక్షలకొలది ప్రతులు చెల్లినది. తెలుగున యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘విజయానికి ఐదు మెట్లు’, బి.వి. పట్టాభిరామ్ గారి వ్యక్తిత్వ వికాస గ్రంథములు ఎందరో యువకుల చేతులలో నలిగినవి. ఇట్టి పుస్తకములను తూలనాడుట నా ఉద్దేశము కాదు. ఏ పుస్తకమును చదువని కుఱ్ఱవానిచేత మొదటి పుస్తకము చదివించిన పుణ్యము వానిలో కొన్నింటికైనను కలదు.

మంచి తలంపువలన మేలు లేదని ఎవ్వరును అనజాలరు. నా వలన కాదని తలచినవాడు దరఖాస్తు వ్రాయడు, నాటు వేయడు, పిల్లను పై చదువునకు పంపడు. అడుగు వేయించునది ఆశయే. భర్తృహరి మనుష్యులను మూడు తరగతులుగా విభజించెను. విఘ్నములకు వెఱచి పని మొదలే పెట్టనివారు అధములు. మొదలుపెట్టి విఘ్నము రాగానే విడిచిపెట్టువారు మధ్యములు. ఎన్ని విఘ్నములు తగిలినను విడువనివారు ఉత్తములు. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన ఆ పద్యమును మనలో పలువురు బడిలో వల్లించినవారమే.

కాని అందులో ఒక విషయమును మనము గమనింపము. ఉత్తమునకు విఘ్నములు రావని భర్తృహరి చెప్పలేదు. మంచిగా తలంచినవానికి అడ్డులు తొలగిపోవుననియు చెప్పలేదు. విఘ్నము మువ్వురికిని సమానమే. దానిని చూచిన తరువాత ఏమి చేసిరన్న దానినిబట్టియే ఆయన మనుష్యులను తూచెను. నేడు మనము చెప్పుకొను సానుకూల దృక్పథము చాలచోట్ల ఆ విఘ్నమును చూడవద్దని చెప్పుచున్నది. అడ్డుమాట ఎత్తినవానిని నిరాశావాది యనుచున్నది. పెద్దల మాటకును నేటి మాటకును గల భేదము ఇదియే.

అడ్డును చూడని ఆశ ఎట్టిదో పంచతంత్రము ఏనాడో చెప్పినది. పేద బ్రాహ్మణుడొకడు బిచ్చమెత్తి తెచ్చిన పిండిని కుండలో పోసి, మంచమునకు ఎదురుగా వ్రేలాడదీసి, దానివంక చూచుచు పండుకొనెను. కరవు వచ్చును, పిండికి ధర వచ్చును, మేకలు కొందును, ఆవులు కొందును, ఇల్లు కట్టుదును, పెండ్లాడుదును, కుమారుడు కలుగును అని ఊహించుకొనుచు, ఆ ఊహలోని భార్యపై కోపించి కాలు విసరెను. కుండ పగిలెను. ఈ కథ విని మనము కుండ పగిలినందుకు నవ్వుదుము. కాని నష్టము అంతకుముందే జరిగినది. పండుకొని సంతోషించినంతసేపును అతడు ఏ పనియు చేయలేదు. ఫలము చేతికి వచ్చినట్లే మనస్సు తృప్తిపడినది. చేయి కదలుట మానినది.

ఈ కాలపు మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి చూచిరి. జర్మనీకి చెందిన గాబ్రియేల్ ఓటింగెన్ అను విదుషీమణి పెక్కు సంవత్సరములు ఈ విషయముపై పరిశోధన చేసి, 2014లో సానుకూల ఆలోచనను పునర్విమర్శ చేయుచు ఒక గ్రంథము ప్రకటించెను. 1991లో ఆమె మరియొకరితో కలిసి ప్రచురించిన పరిశోధన, శరీరపు బరువు తగ్గింపదలచి చికిత్సలో చేరిన స్త్రీలనుగూర్చినది. తగ్గగలమని గట్టిగా నమ్మినవారు ఎక్కువ తగ్గిరి. అప్పటికే సన్నబడినట్లు హాయిగా ఊహించుకొన్నవారు తక్కువ తగ్గిరి. 2002లో వెలువడిన మరియొక పరిశోధన, చదువు ముగించి ఉద్యోగము వెదకుచున్న జర్మనీ విద్యార్థులనుగూర్చినది. ఉద్యోగము వచ్చినట్లు సుఖముగా కలలు కన్నవారు రెండేండ్లు గడచిన పిమ్మట చూడగా, తక్కువ దరఖాస్తులు పంపి, తక్కువ అవకాశములను, తక్కువ జీతములను పొందియుండిరి.

కాబట్టి నమ్మకము వేరు, పగటికల వేరు. నమ్మకము చేసిన పనినుండి, గడచిన అనుభవమునుండి పుట్టును. పగటికల కోరికనుండి మాత్రమే పుట్టును. బయటికి రెండును ఒక్క తీరుగనే కనిపించును. రెండింటి ముఖముపైనను చిరునవ్వుండును. పగటికలకు ఆమె చెప్పిన విరుగుడు చాల సులభము. కోరినదానిని మనసార తలచుకొనవలెను. వెనువెంటనే, దానికి తనలో ఉన్న అడ్డు ఏదియో నిజాయితీగా తలచుకొనవలెను. ఆ అడ్డు ఎదురైనపుడు తానేమి చేయునో ముందే నిశ్చయించుకొనవలెను.

ఈ మాటను కొల్లేటి ప్రాంతమువారికి జర్మనీనుండి తెచ్చి చెప్పనక్కరలేదు. కైకలూరు, ఆకివీడు, నిడమర్రు వైపుల చేపల చెరువు పెంచువారికి ఇది నిత్యానుభవము. పగటి ఎండలో నీటియందలి సన్నని పచ్చని నాచు ప్రాణవాయువును విడుచును. రాత్రివేళ అది విడువదు సరికదా, చేపలతోపాటు తానును పీల్చుకొనును. మబ్బు పట్టిన దినమున పగటి సంపాదనయే తక్కువ. అందువలన మరునాడు తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అడుగంటును. చేపలు పైకి తేలి నోరు తెరచును. అప్పుడు వెంటనే ఏరేటర్లు త్రిప్పుటయో, క్రొత్తనీరు పెట్టుటయో చేయవలెను. ఆలస్యమైనచో ఏడాది కష్టము ఒక్క ఉదయమున వెల్లకిల తేలును.

మబ్బు పట్టిన ఆ రాత్రి ఇద్దరు చెరువుదారులున్నారనుకొందము. ఒకడు “మన చెరువునకేమియు కాదులే” అని నిశ్చింతగా నిదురించెను. రెండవవాడు మూడు గంటలకు లేచి, చేతిదీపము పట్టుకొని గట్టుపైకి పోయి నీటివంక చూచెను. వీరిలో ఆశావాది ఎవరు? మొదటివాడని పైకి తోచును. కాని చేపలను బ్రతికించుకొనవచ్చునను ఆశ లేనిచో రెండవవాడు ఆ చీకటిలో లేచునా? ఆశ లేనివాడు లేవడు. ఆశ ఉన్నదని నటించువాడును లేవడు. నిజమైన ఆశ ఉన్నవాడే లేచి చూచును.

ఒక చెరువు సంగతి ఇట్లుండగా, ఒక సీమ బాగుపడిన సంగతియు ఇట్టిదే. విజ్జేశ్వరము వద్ద గోదావరిని విడిచి, నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా ఏలూరునకు వచ్చు కాలువను మనము నిత్యము చూచుచున్నాము. అది లేని కాలమున ఈ సీమ కరవులతోను వరదలతోను క్షీణించినది. నాటి గోదావరి జిల్లా జనసంఖ్య 1821లో సుమారు 7 లక్షల 38 వేలుండగా, 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు పడిపోయినది. నదికి ఆనకట్ట కట్టవలెనని ఆర్థర్ కాటన్ 1844లో నివేదిక సమర్పించెను. 1847లో ధవళేశ్వరము వద్ద పని మొదలై 1852లో ముగిసినది.

కాటన్ ఆశావాదియే. లేనిచో అంత వెడల్పైన నదిని ఇసుకపై ఆపుదునని ఎట్లు పూనుకొనును? కాని ఆయన ఆశకు ఆధారములున్నవి. అంతకుముందు కావేరి సీమలో ఆయన ఆనకట్టల పని చేసియుండెను. లోతు తెలియని ఇసుకలో పునాది నిలుపు ఉపాయమును అచ్చటి ప్రాచీన చోళుల కల్లణై కట్టడమునుండి నేర్చుకొంటిమని ఆయనయే ఒప్పుకొనెను. గోదావరి యొడ్డున తిరిగి, కొలిచి, లెక్కవేసి నివేదిక వ్రాసెను. నది నడుమనున్న లంకలను ఉపయోగించుకొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్టను నిర్మించెను. వీణెం వీరన్న వంటి స్థానికుల నేర్పును, వేలమంది కూలీల చెమటయు దానికి తోడైనవి. ఒక్కని మనోబలముచేత ఆ నీరు మన పొలములకు రాలేదు. పూర్వుల అనుభవము, కొలత, పదిమంది చేతులు కలియగా వచ్చినది.

ఇక వ్యక్తుల జీవితములకు వత్తము. ఏలూరు సమీపమున సోమవరప్పాడులో పుట్టిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు గారిని, అనగా ఎల్.వి. ప్రసాద్ గారిని, ఎరుగనివారు మనలో లేరు. ఇంట చెప్పకయే బొంబాయికి పోయి, చలనచిత్ర సంస్థలో చిల్లర పనులతో జీవనము ప్రారంభించి, దేశము మెచ్చిన దర్శకుడును నిర్మాతయునై, 1982 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును పొందిరి. హైదరాబాదులో ఆయన పేర వెలసిన నేత్ర వైద్య సంస్థ ఎందరికో చూపునిచ్చుచున్నది. ఈ కథను మనము బిడ్డలకు చెప్పుచు, “చూడుము, ధైర్యముగా తలచినాడు, సాధించినాడు” అని ముగింతుము.

ఆ ముగింపులో పదిహేను సంవత్సరములు మాయమైపోవుచున్నవి. హిందీలో మొదటి టాకీయైన ‘ఆలం ఆరా’లో ఆయన చిన్న వేషము వేసినది 1931లో. ‘కాళిదాసు’, ‘భక్త ప్రహ్లాద’ చిత్రములలో కనిపించినది 1931, 1932లలో. దర్శకుడుగా తొలి చిత్రము ‘గృహప్రవేశం’ వెలువడినది 1946లో. నడుమ ‘కష్టజీవి’ అను చిత్రమునకు దర్శకత్వము వహించు అవకాశము రాగా, అది మూడు రీళ్ళు తీసిన పిదప ఆగిపోయినది. ఆ పదిహేనేండ్లు ఆయన చిన్న పనులు చేయుచు, సహాయకుడుగా ఉండుచు, వృత్తిలోని ప్రతి మెట్టును చేతితో నేర్చుకొనెను. బిడ్డలకు చెప్పవలసినది ఆ పదిహేనేండ్ల కథ. ఆశ ఆయనను రైలెక్కించినది. వృత్తిని నేర్పినది మాత్రము పనియే.

మరియొక్క సంగతి. అదే కాలమున, అంతే ధైర్యముతో, అదే రైలెక్కినవారు ఇంకెందరో ఉండియుందురు. వారును మంచిగనే తలచియుందురు. వారిలో కొందరు జబ్బుపడి, కొందరు డబ్బులేక, కొందరు తగిన యజమాని దొరకక తిరిగి వచ్చియుందురు. వారి చరిత్రలు ఎవ్వరును వ్రాయరు. గెలిచినవారి జీవితములను మాత్రమే చదివి, వారందరిలో ధైర్యమున్నది గనుక ధైర్యమే గెలుపునకు కారణమని తేల్చుట లెక్క తెలిసినవారి పని కాదు. ఓడినవారిలో ఎంత ధైర్యముండెనో కూడ లెక్కింపవలెను గదా!

ఒక్కొక్కరి ఆశ మంచిదైనను, అందరి ఆశలు కలిసి కీడగుట కూడ కలదు. అందుకు కొల్లేరే సాక్ష్యము. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లమున ఏర్పడిన ఈ సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు వచ్చి చేరును. నిండిన నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పోవును. వరదకాలమున వచ్చిన నీటిని తనలో పట్టి, మెల్లగా విడుచుట కొల్లేటి ధర్మము. 1970వ దశకమునుండి సరస్సు పల్లములో చేపల చెరువులు పెరుగసాగినవి. గట్టుపై గట్టు లేచినది. 1999లో సరస్సులో అయిదవ కాంటూరు వరకు గల భాగమును వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది రామ్‌సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల జాబితాలో చేరినది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశముపై ఆ పరిధిలోని చెరువుల గట్లను పెద్దయెత్తున కొట్టివేసిరి. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టిన చిన్న కుటుంబములు, చెరువుపై కూలితో బ్రతుకు కుటుంబములు నష్టపోయినవి.

ఎవరి తప్పు ఎంత అను తగవును నేనిక్కడ తీర్పబోవుట లేదు. ఒక్క మాట మాత్రమే చెప్పెదను. చెరువు త్రవ్విన ప్రతివాడును సానుకూలముగనే ఆలోచించెను. పంట రాని పల్లములో పచ్చని బ్రతుకును చూచెను. విడివిడిగా చూచినచో అది నింద్యము కాదు. కాని నీరు ఎటు పోవునని, చట్టము ఏమి చెప్పుచున్నదని, పై ఊరివారు ఏమగుదురని అడిగినవాని మాటను అపశకునముగా త్రోసిపుచ్చిన సందర్భములు ఉండియుండవా? పంచతంత్రములో ఒక మడుగున మూడు చేపలుండెను. జాలరులు వత్తురని తెలియగానే అనాగతవిధాత ముందే వేరు నీటికి పోయెను. ప్రత్యుత్పన్నమతి వల పడిన తరువాత యుక్తితో తప్పించుకొనెను. కానున్నది కాకమానదని ఊరకున్న యద్భవిష్యుడు చచ్చెను. ఆ రాత్రి మూడింటిలో మిక్కిలి ప్రశాంతముగా నిదురించినది ఏది? యద్భవిష్యుడే గదా! మనశ్శాంతి ఒక్కటే మంచి ఆలోచనకు గురుతు కాదని ఆ కథ మనకు నేర్పుచున్నది.

సోదరులారా! ఇప్పుడు నేను చెప్పదలచిన మాటలలో ముఖ్యమైన దానికి వచ్చుచున్నాను. “మంచిగా తలచినచో మంచి జరుగును” అను మాటకు వెనుక మరియొక మాట దాగియున్నది. మంచి జరుగనివాడు మంచిగా తలపలేదన్నదే ఆ మాట. గెలిచినవానికి అది ముద్దుగా వినిపించును. ఓడినవానికి అది నేరారోపణ. పరీక్ష తప్పిన బిడ్డ గదిలో తలుపు వేసికొని కూర్చున్నది. ఆ బిడ్డకు మార్కులు పోయిన దుఃఖము ఒకటి. తన మనస్సే చెడ్డదేమో యను దుఃఖము రెండవది. ఆ రెండవది మనము పెట్టినది. తుఫానుకు పంట ఒరిగిన కౌలుదారు, చేపలు చచ్చిన చెరువుదారు, భర్త పోయి అప్పులు మిగిలిన ఇల్లాలు: వీరికి ధైర్యము తప్పినందువలన కష్టము రాలేదు. కష్టము వచ్చినందున ధైర్యము సన్నగిల్లినది. కారణమును కార్యమును తారుమారు చేసి మాట్లాడుట తెలివి కాదు, దయయు కాదు.

అట్టివారికి మనము చెప్పవలసినదేమి? మొదట ఏమియు చెప్పక, వచ్చి ప్రక్కన కూర్చుండవలెను. ఏడ్చువానిని ఏడువనీయవలెను. దుఃఖము కలిగినపుడు దుఃఖించుట వ్యక్తిత్వ లోపము కాదు. పిమ్మట చేయదగిన పనిని చిన్న చిన్న ముక్కలుగా విడదీసి చూపవలెను. పరీక్ష తప్పిన బిడ్డతో, “ఏ పాఠములో ఎన్ని మార్కులు తగ్గినవమ్మా? మరల వ్రాయుటకు గడువు ఎప్పుడు? ఆ లెక్కలు ఎవరు చెప్పగలరు? నేను కూడ వచ్చెదను” అనవలెను. అప్పులవానితో, “అప్పులన్నియు ఒక కాగితముపై వ్రాయుదము. వడ్డీ దేనికి ఎక్కువ? బ్యాంకుకు ఎవరితో కలిసి పోవుదము? పంటకు బీమా ఉన్నదా?” అనవలెను. ఈ ప్రశ్నలలో సానుకూల దృక్పథము అను మాట ఒక్కచోటను లేదు. అయినను విన్నవాని గుండెలో ఆశ పుట్టును. ఉపదేశమువలన పుట్టని ఆశ, తోడు దొరకుటవలన పుట్టును. బిడ్డ బొత్తిగా తిండి మాని, మాట మాని, బ్రతుకుపైనే విసుగు చూపినచో, ఒంటరిగా విడువక వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. జ్వరమునకు వైద్యుని వద్దకు పోవుట ఎట్లు సిగ్గు కాదో, ఇదియు అట్లే సిగ్గు కాదు.

మన గ్రంథాలయోద్యమ పెద్దలు ఈ రహస్యమును బాగుగా ఎరిగినవారు. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్య గారు తమ జీవితమంతయు ఆ సేవకే అంకితము చేసిరి. చదువు లేని ప్రజలను చూచి వారు, “ధైర్యముగా ఉండుడు, మంచిగా తలపుడు” అని చెప్పి ఊరకుండలేదు; పుస్తకమును తెచ్చి చేతికిచ్చిరి. 1935లో పాతూరి నాగభూషణము గారు గుంటూరు సీమ కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపిరి. పుస్తకము వద్దకు రాలేని పల్లెవాని వద్దకు పుస్తకమే నీటిమీద పోయినది. ఆ పడవలో వారి ఆశ కంటికి కనిపించినది. ఆశకు అట్టి రూపము కల్పించుటయే గ్రంథాలయము పని.

ఈ రజతోత్సవ వేళ మన గ్రంథాలయమునకు రెండు చిన్న సూచనలు చేసి ముగించెదను.

మొదటిది: మన బీరువాలలో గెలిచినవారి జీవితచరిత్రలు చాలనున్నవి. వానితోపాటు ఒక ఖాళీ పుస్తకమును కుట్టించి బల్లపై నుంచుదము. ఈ ఊరి రైతు, చెరువుదారు, చిన్న వ్యాపారి, విద్యార్థి తమ ప్రయత్నములో ఎక్కడ దెబ్బతినిరో, దానికి ముందు కనిపించిన సూచనలేవో, మరల చేసినచో ఏమి మార్చుకొందురో అందులో వ్రాయుదురుగాక. పేరు వ్రాయనక్కరలేదు. వ్రాత రానివారు చెప్పగా ఒక విద్యార్థి వ్రాయవచ్చును. ఏ సంవత్సరము ఏ పురుగు పట్టినది, ఏ మబ్బు దినమున ఏ గంటకు చేప తేలినది, ఏ శిక్షణకు ఎంత సొమ్ము పోసి ఏమి పొందిరి అను సంగతులు పదేండ్లు ప్రోగైనచో, ఏ పట్టణపు దుకాణములోను దొరకని వ్యక్తిత్వ వికాస గ్రంథము మన ఊరిలో తయారగును.

రెండవది: పరీక్షా ఫలితములు వెలువడిన వారము దినములు, ప్రతి సాయంకాలము ఇద్దరు ఉపాధ్యాయులు, ఒకరిద్దరు పెద్దలు ఈ గదిలో కూర్చుండవలెను. ఉత్తీర్ణులైనవారిని అభినందించుటకు ఊరంతయు ఉన్నది. తప్పినవారు నిస్సంకోచముగా వచ్చి, తమ మార్కుల కాగితము చూపి, ఇక ఏమి చేయవలెనో అడుగుటకు ఒక చోటు కావలెను. ఆ చోటు ఈ గ్రంథాలయమే కావలెనని నా కోరిక. ఇంటినుండి ఇక్కడికి రావలెననినను అడుగు పడని బిడ్డ ఉన్నచో, ఆ బిడ్డ ఇంటికే ఒకరు పోవలెను.

మంచి తలంపు విలువ ఎంత అని మొదట అడిగితిని. అది ఒక విత్తనమంత. విత్తనము లేక పంట లేదు. కాని నేలను చూడక, నీటిని చూడక, విత్తనమునే చేతపట్టుకొని పొగడుచు గట్టున కూర్చున్నవానికిని పంట లేదు. ఒకని చేలో మొలక రానిచో, విత్తనమునే నిందింపక, నేలకేమైనదో, నీరేల అందలేదో పోయి చూడవలెను. ఆ చూపును, ఆ దయను నేర్పు స్థలముగా ఈ గ్రంథాలయము వర్ధిల్లుగాక! స్వర్ణోత్సవము నాటికి ఆ ఖాళీ పుస్తకము నిండి, రెండవ సంపుటము మొదలగుగాక!